గరాజు తలుపు వెనక

చేపల డబ్బాల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
తిన్నగా గరాజుకే వచ్చేదాన్ని.
సారెమా దీవిలో జనవరి అంటే
నాలుగింటికే దీపం పెట్టాలి.
వేళ్ళకి పట్టిన పొగచేప వాసన
సబ్బుకీ లొంగదు, పెట్రోలుకీ లొంగదు.

తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసుకున్నా:
ఒకటి, కొత్త కామ్‌షాఫ్ట్.
రెండు, జంట కార్బురేటర్లు.
మూడు, సైలెన్సర్. అడవి అవతలి వాళ్ళకి కూడా
నేనొస్తున్నానని తెలియాలి.
నాలుగు, నల్ల రిమ్ములు.
ఐదు రాసి కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశా.
ఆరు, బ్రేకులు.
చోటు చాలక గడియ కింద నక్కిన
చీమల్లాంటి అక్షరాలు.

కారేమో పాస్టరుగారి పాత లాడా.
చర్చికీ శ్మశానానికీ తప్ప
ఎక్కడికీ తొందరగా వెళ్ళి ఎరగదు.
పుస్తకంలో అరవై తొమ్మిది గుర్రాలని ఉంది;
సగం మేతకి వెళ్ళి తిరిగి రాలేదు.
మే చివర్లో కంకర రోడ్డు పందెం.
అప్పటికి నా చేతికొచ్చేవి అయిదు జీతాలు.
అద్దె పోను ఒక్కో జీతంలో మిగిలేది
రెండు మంచి టైర్లు,
లేకపోతే మూడు చెడ్డవి.

రంపం అడగడానికి వచ్చాడు ఎల్మార్.
ఫెర్రీ ఇంజన్ల మధ్య ముప్పై ఎనిమిదేళ్ళు గడిపి
ఎడమ చెవిని అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
తలుపు చదివాడు, పైనుంచి కిందికి.
తర్వాత కిందినుంచి పైకి.
"పద, నడుపు" అన్నాడు అంతే,
పక్క సీట్లో మోకాళ్ళు ముడుచుకుని.

గడ్డకట్టిన అఖాతం మీద, ఎవరూ లేని చోట,
యాభై దగ్గర,
"ఆపు."
తొక్కాను.
ఎడమ ముందు చక్రం ఒక్కటే మాట వింది.
మిగతా మూడూ ఇంకా ప్రార్థనలోనే ఉన్నాయి.
రెల్లు, ఆకాశం, ఒడ్డు, రెల్లు,
మళ్ళీ ఒడ్డు,
వచ్చిన దారి వైపే ముఖం పెట్టి ఆగింది కారు.

నవ్వుతాడనుకున్నా.
నా కాళ్ళ వైపు చూస్తున్నాడు.
వీపు వెనక దిండు,
పెడల్ మీద బొటనవేలి కొస.
పాస్టరుగారు తాడిచెట్టంత మనిషి.
ఆయన కొలతకే తుప్పు పట్టి బిగుసుకుపోయిన సీటులో
రెండు నెలలుగా సర్దుకుంటున్నాను,
పొట్టిగా పుట్టడం నా తప్పయినట్టు.

"గుర్రాలు ఎన్నయినా కొనుక్కో,
ముందు పగ్గం నీకు అందాలి కదా."

ఆ రాత్రే బోల్టులు కోసి, నేల రేకుకి
నాలుగు కొత్త కన్నాలు వేశాడు.
ఒక జానెడు ముందుకి జరిగింది సీటు.
కొత్త బోల్టులు అతని జేబులోవే.
నా వంతు ఖర్చు: కాఫీ, రై రొట్టె, ఒక ఉప్పుచేప.
డ్రిల్లు దిగిన చోట రేకు పొరలు పొరలుగా ఊడి
కింద మంచు కనిపించింది.
ఇద్దరం ఆ వెలుగు వైపు కాసేపు చూశాం.

చొక్కా చేతితో తలుపు తుడిచాను.
ఒకటి, సీటు. పక్కనే టిక్కు.
రెండు, బ్రేకులు. ఈసారి మూరెడు అక్షరాలు.
మూడు, ఆ కన్నాల రేకు.
టైర్లు. తర్వాత రేడియేటరా, బుష్షులా?
దాని మీద చాలాసేపు వాదులాడుకున్నాం,
అతను నాలుగు రాశాడు, నేను చెరిపాను,
ఆ చోట ఇప్పటికీ తెల్లటి మరక తప్ప ఏమీ లేదు.
కామ్‌షాఫ్ట్ గడియ కిందికి చేరింది,
మేకి ఆవల, బహుశా వచ్చే ఏటికి.

అతన్ని ఇంటికి దింపుతూ,
కేటలాగులో ఆ పేజీ చింపి పర్సులో దాచానని
అతని ఎడమ చెవికి చెప్పాను.
తలూపాడు, దేనికో తెలీదు.
రంపం మర్చిపోయాడు.
గేటు దగ్గర మెల్లగా తొక్కాను.
మొదటిసారి
మడమ నేలకి ఆనింది.